రెండు తీగల పలక

మార్కాపురం చుట్టుపక్కల పుట్టినవాళ్ళకు పలక భూమిలోంచి వచ్చే పంట. పొరలు పొరలుగా చీలే నల్లరాయిని ఉలితో విడదీసి, కొలతకు కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి ఎక్కడెక్కడి బడులకో పంపిన నేల ఇది. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక బడిపలక తగ్గిపోయింది. ఆ రాయే ఇప్పుడు గోడలకు అంటించే డిజైన్ పలకగా విదేశాలకు పోతోంది. నల్లమల వెంబడి ఉన్న ఈ రాతిపొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు మన కంభం ఊరి పేరే పెట్టుకున్నారు. కరెంటు కొత్తగా వచ్చిన రోజుల్లో ప్రపంచంలో చాలాచోట్ల స్విచ్చులను పలకరాతి మీదే బిగించేవాళ్ళు, ఆ రాయి కరెంటును పారనివ్వదు కనుక.

కొనకనమిట్లలో మా ఇంటి వసారాలో ఇప్పుడు ఇంకో రకం పలక ఉంది. ఐమూలగా కొలిస్తే 0.96 అంగుళం. నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు, అచ్చం బలపంతో రాసినట్టు. మిద్దె మీది ట్యాంకులో నీళ్ళు ఎంత ఉన్నాయో అది చెబుతుంది. దాని వెనక రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరు ఉంది. రెంటినీ కలిపేవి నాలుగు తీగలు. వాటిలో రెండు కరెంటుకు, రెండు మాటలకు. ఆ మాటల తీగల మీద ఏం నడుస్తుందో, అన్నీ సరిగ్గా కలిపామనుకున్నాక కూడా తెర ఎందుకు నల్లగానే ఉండిపోతుందో, దాని మీద తెలుగు రాయాలంటే ఇంకా ఏం కావాలో చెప్పాలని ఈ వ్యాసం.

పిల్లలు కంప్యూటరును విప్పి చూసి, దాంతో ఆడుకుంటూ నేర్చుకోవాలని బ్రిటన్‌లోని కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్, ఆయన తోటివాళ్ళు కలిసి తయారు చేసిన బోర్డు రాస్ప్‌బెర్రీ పై. 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్ల ధరకు అమ్మకానికి వచ్చింది. 2014లో వచ్చిన బి ప్లస్ నమూనా నుంచి దాని అంచున 40 పిన్నులు రెండు వరుసల్లో ఉంటున్నాయి. నేను వాడింది 2021 అక్టోబరులో వచ్చిన జీరో 2 డబ్ల్యూ. అగ్గిపెట్టె కన్నా కాస్త పొడవు, అంతే. మన బల్లల మీద ఉండే కంప్యూటర్లకూ దీనికీ ఉన్న అసలు తేడా ఆ 40 పిన్నులే. వేడిని కొలిచే సెన్సరైనా, బల్బును ఆర్పి వెలిగించే రిలే అయినా, చిన్న తెర అయినా అక్కడే తగిలించాలి. టీవీ లాంటి పెద్ద తెరకైతే హెచ్‌డీఎంఐ తీగ ఒకటి గుచ్చితే సరిపోతుంది, నేర్చుకునేది పెద్దగా ఏమీ ఉండదు. చిన్న తెరలోనే మొత్తం కథ బయట కనిపిస్తుంది.

తెర వెనక నాలుగు పిన్నులుంటాయి: కరెంటు, గ్రౌండు, ఎస్‌సీఎల్, ఎస్‌డీఏ. బోర్డు మీద 1వ పిన్ను 3.3 వోల్టులు ఇస్తుంది. 6వది గ్రౌండు, 3వది ఎస్‌డీఏ, 5వది ఎస్‌సీఎల్. పేరుకు పేరు కలపాలి. కలిపే ముందు తెర మీద అచ్చువేసిన పేర్లను ఒక్కొక్కటిగా చదవాలి. ఎందుకంటే చూడ్డానికి కవలల్లా ఉండే తెరల్లోనే కొన్నిటికి గ్రౌండు ముందుంటుంది, కొన్నిటికి కరెంటు ముందుంటుంది. ఎక్కడో చూసిన బొమ్మను నమ్మి తగిలిస్తే కరెంటు ఎదురెక్కి తెర వేడెక్కుతుంది, ఆ తర్వాత ఎప్పటికీ వెలగదు.

అంతకన్నా పెద్ద ప్రమాదం 1వ పిన్ను పక్కనే ఉంది. 2వ పిన్నులో ఉండేవి 5 వోల్టులు. ఈ బోర్డు పిన్నులు వినగలిగేది, చెప్పగలిగేది 3.3 వోల్టులతోనే. మాటలు వినే పిన్నులోకి 5 వోల్టులు వస్తే ఆ పిన్ను పోతుంది, ఒక్కోసారి బోర్డే పోతుంది. నేనొక పిన్నును ఇలాగే పోగొట్టుకున్నాను కనుక నొక్కి చెబుతున్నాను. మా ఇంట్లో ఉన్నది ఓలెడ్ రకం తెర. దానితో ఈ భయం తక్కువ, దాన్ని 3.3కే తగిలించి ఊరుకోవచ్చు. వరుసకు 16 అక్షరాలు, రెండు వరుసలు ఉండే పాతకాలపు ఎల్‌సీడీతో జాగ్రత్తగా ఉండాలి. దానికి కావలసింది 5 వోల్టులు. వెనక అతికించి అమ్మే చిన్న బోర్డు మాటల తీగలను కూడా 5 వోల్టులకు ఎత్తి పట్టుకుంటుంది. మధ్యలో లెవెల్ షిఫ్టర్ అనే చిన్న ముక్కను పెట్టి వోల్టేజీని దించాలి.

ఇక రెండు తీగల ముచ్చట. పాత పల్లెవెలుగు బస్సులో ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక తాడు వేలాడేది, గుర్తుందా? కండక్టరు వెనక నుంచి లాగినా, ముందు నుంచి లాగినా డ్రైవరు దగ్గర గంట మోగేది. వదిలేస్తే తాడు తనంతట తాను యథాస్థితికి వచ్చేది. ఒక గంటకు ఆగడం, రెండు గంటలకు కదలడం. ఈ తెరను, బోర్డును కలిపే పద్ధతి, ఐ2సీ, సరిగ్గా ఆ గంట తాడే. తీగ మామూలుగా 3.3 వోల్టుల దగ్గర పైకి లేచి ఉంటుంది. అక్కడ పట్టి ఉంచే స్ప్రింగు లాంటిది ఒక రెసిస్టరు. రాస్ప్‌బెర్రీ పై బోర్డులో ఈ రెండు పిన్నులకూ 1.8 కిలో ఓముల రెసిస్టర్లు ముందే బిగించి ఉన్నాయి. తీగకు తగిలించిన ఏ పరికరమైనా దాన్ని కిందికి లాగగలదు, వదలగలదు. బలవంతంగా పైకి నెట్టే అధికారం ఎవరికీ లేదు. అందువల్ల ఇద్దరు ఒకేసారి లాగినా ఎవరూ కాలిపోరు. ఇన్ని పరికరాలు ఒకే తీగను పంచుకోగలగడానికి కారణం ఇదే.

ఒక తీగ తాళం వేస్తుంది, అది ఎస్‌సీఎల్. రెండోది మాట మోస్తుంది, అది ఎస్‌డీఏ. తాళం పడిన ప్రతిసారీ మాట తీగ పైన ఉంటే 1, కింద ఉంటే 0. బోర్డు ముందుగా ఏడు తాళాల్లో ఒక ఇంటి నంబరు పిలుస్తుంది. ఎనిమిదో తాళంలో 'నీకు చెబుతున్నాను' అనో 'నిన్ను అడుగుతున్నాను' అనో తేలుస్తుంది. తొమ్మిదో తాళంలో బోర్డు తీగను వదిలేసి ఎదురుచూస్తుంది. ఆ నంబరు ఇల్లు నిజంగా ఉంటే, ఆ ఇంటివాళ్ళు తీగను ఒకసారి కిందికి లాగుతారు. మన ఇళ్ళల్లో కథ వింటూ పిల్లలు ఊఁ కొడతారే, అదే ఇది. ఊఁ వినపడకపోతే చెప్పేవాళ్ళు కథ ఆపేస్తారు, బోర్డూ అంతే. ఆ తర్వాత పంపే ప్రతి ఎనిమిది అంకెల మాటకూ తొమ్మిదో తాళంలో తెర ఊఁ కొట్టాల్సిందే.

ఈ పద్ధతిని ఫిలిప్స్ కంపెనీ 1982లో తెచ్చింది. టీవీ పెట్టె లోపలి చిప్పులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి గంపెడు తీగలు అక్కర్లేకుండా చేయాలన్నది వాళ్ళ ఉద్దేశం. ఏడు అంకెలతో 128 ఇంటి నంబర్లు వస్తాయి. వాటిలో 16 ప్రత్యేక పనులకు పక్కన పెట్టగా 112 మిగులుతాయి. మా తెర నంబరు 60. కంప్యూటరు వాళ్ళ పదహార్ల లెక్కలో దాన్ని 3సి అని రాస్తారు. పెట్టె లోపలి దూరాలకే పుట్టిన పద్ధతి కనుక తీగ పొడవు పెరిగితే స్ప్రింగు బలం చాలదు, అంకెలు జారిపోతాయి. తెరను బోర్డుకు జానెడు దూరంలో పెట్టుకోవడం మేలు.

అయితే రెండు తీగలతో ఎంత వేగం? లెక్క వేసి చూడండి. తెర మీద అడ్డంగా 128, నిలువుగా 64, మొత్తం 8,192 చుక్కలు. చుక్కకు ఒక అంకె, అది వెలగాలా వద్దా అని. ఎనిమిదేసి చుక్కలు ఒక బైటు, అంటే 1,024 బైట్లు. ఊఁ తో కలిపి బైటుకు తొమ్మిది తాళాలు. సెకనుకు లక్ష తాళాలు వేస్తే తెర మొత్తం నింపడానికి సెకనులో పదోవంతు కన్నా కొంచెం తక్కువ పడుతుంది. నీటి మట్టం చూపడానికి ఇది కావలసినదానికన్నా ఎక్కువే. అదే పద్ధతిలో 320×240 చుక్కల రంగుల తెరను నింపబోతే? రంగు చుక్కకు 16 అంకెలు, మొత్తం 1,53,600 బైట్లు. ఒక్క బొమ్మకు దాదాపు 14 సెకన్లు. అందుకే రంగుల తెరలు ఎస్‌పీఐ అనే ఇంకో దారి పడతాయి. అందులో ఊఁ కొట్టడం ఉండదు. తీగలు ఎక్కువ, వేగమూ ఎక్కువ. సెకనుకు 3 కోట్ల 20 లక్షల తాళాలతో అదే బొమ్మ సెకనులో పాతికో వంతులో వచ్చేస్తుంది. కొనేటప్పుడు నాలుగు పిన్నులుంటే ఐ2సీ అనీ, ఏడెనిమిది ఉంటే ఎస్‌పీఐ అనీ చాలావరకు గుర్తుపట్టవచ్చు.

ఏ తెర కొనాలన్నది మన ఎండను అడగాలి. ఓలెడ్‌లో ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది. పలుచటి కర్బన రసాయన పొరలో కరెంటు పారితే వెలుగు వస్తుందని కొడక్ ప్రయోగశాలలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ 1987లో చూపించారు. వెలగని చుక్క నిజంగా చీకటి, అందుకే దాని నలుపు పలకలా ఉంటుంది. వసారాలో, గదిలో దీనికి సాటి లేదు. మే నెల మిట్టమధ్యాహ్నం బావి గట్టు మీద పెడితే మాత్రం అక్షరం కనపడదు. ఎల్‌సీడీ తనంతట వెలగదు, వెలుగును అడ్డుకుంటుంది లేదా వదులుతుంది. 1888లో ప్రాగ్‌లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు క్యారెట్ నుంచి తీసిన పదార్థంతో పనిచేస్తూ, అది 145 డిగ్రీల దగ్గర ఒకసారి, 178 డిగ్రీల దగ్గర మరోసారి కరగడం గమనించాడు. ఆ రెంటి నడుమ ఉన్నదే ద్రవస్ఫటికం. మన నాగార్జున విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో దశాబ్దాలపాటు పరిశోధన జరిగింది ఇలాంటి పదార్థాల మీదే. వేడికి మారడం వాటి పుట్టుక గుణం. అందుకే ఎండాకాలం ఎల్‌సీడీలో అక్షరాల వెనక గడులు కూడా నల్లబడి కనిపిస్తాయి. వెనకనున్న చిన్న మరను స్క్రూడ్రైవరుతో కాస్త తిప్పితే సరిపోతుంది. ఎండలో హాయిగా చదవదగ్గది ఈ-పేపరు తెర. నల్ల రేణువులు, తెల్ల రేణువులు పైకీ కిందికీ కదిలి అక్షరమవుతాయి, కరెంటు తీసేసినా అలాగే ఉంటాయి. బొమ్మ మారడానికి సెకను పైనే పడుతుంది, సాధారణంగా 50 డిగ్రీల దాకానే తట్టుకుంటుంది. బయట పెట్టాలంటే దీన్నే నీడపట్టున పెట్టమంటాను.

అన్నీ కలిపాక తెర వెలగకపోతే ఎక్కువమంది ప్రోగ్రాములో తప్పు వెతుకుతారు. తప్పు చాలాసార్లు టంకంలో ఉంటుంది. జీరో బోర్డుకూ, ఈ తెరలకూ పిన్నుల వరుస విడిగా ఇస్తారు. దాన్ని రంధ్రాల్లో దూర్చి ఊరికే ఆనిస్తే కొన్నిసార్లు తగులుతుంది, కొన్నిసార్లు తగలదు. చెయ్యి పెట్టినప్పుడు వెలిగి, తీయగానే ఆరిపోయే తెర అంటే అదే జబ్బు. మా ఊళ్ళ వైపు బోరు మోటార్లు ఉన్నంత కాలం వైండింగ్ షాపులకు కొదవ లేదు, టంకం వాళ్ళకు చేతిలో పని. కానీ మోటారు తీగలకు వాడే టంకం కాడ లావుది. పిన్నుకూ పిన్నుకూ నడుమ దూరం 2.54 మిల్లీమీటర్లే. ఆ పనికి సెల్‌ఫోన్లు బాగుచేసేవాళ్ళ సన్నకాడ కావాలి. నేను తెరను అక్కడికే పట్టుకుపోయాను, ఐదు నిమిషాల్లో అయిపోయింది.

టంకం బాగుంటే, బోర్డు సెట్టింగుల్లో ఐ2సీని ఆన్ చేశామా అని చూడాలి. అది మొదట్లో ఆఫ్ చేసే ఉంటుంది. తర్వాత ఐ2సీ డిటెక్ట్ అనే చిన్న ప్రోగ్రామును నడపాలి. అది ప్రతి ఇంటి తలుపూ తట్టి, ఊఁ అన్న నంబర్లను పట్టికలో చూపిస్తుంది. 3సి కనిపించిందా, తీగల పని అయిపోయినట్టే, ఇక తప్పంతా ప్రోగ్రాములోనే. ఏమీ కనపడకపోతే ప్రోగ్రాము వైపు చూడనే అక్కర్లేదు, తీగల దగ్గరికి తిరిగి వెళ్ళాలి. ఈ ఒక్క పరీక్ష ఎన్నో రాత్రుళ్ళ నిద్ర మిగులుస్తుంది. నంబరు కనిపించి, తెర కూడా వెలిగి, అక్షరాలు రెండు చుక్కలు పక్కకు జరిగి అంచున చెత్త గీతలు వస్తుంటే, అది వేరే చిప్పు. 0.96 అంగుళాల తెరల్లో ఎక్కువగా ఉండేది ఎస్‌ఎస్‌డీ1306. 1.3 అంగుళాల వాటిలో తరచు ఎస్‌హెచ్1106 ఉంటుంది. రెండోదాని జ్ఞాపకంలో వరుసకు 128కి బదులు 132 గడులున్నాయి. ప్రోగ్రాములో పేరు మారిస్తే గీతలు పోతాయి.

కరెంటు పోయే ఊళ్ళలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఈ బోర్డు ప్రాణమంతా మెమరీ కార్డులో ఉంటుంది. కార్డు మీద రాస్తుండగా కరెంటు పోతే అందులోని ఫైళ్ళు పాడై, మళ్ళీ లేవదు. తెర నల్లబడితే మనం తెరను అనుమానిస్తాం, అసలు లేవనిది వెనకనున్న బోర్డు. కార్డు మీద ఏమీ రాయకుండా చదవడం మాత్రమే జరిగేలా పెట్టే ఓవర్‌లే అనే సదుపాయం సెట్టింగుల్లోనే ఉంది. అంతా సిద్ధమయ్యాక దాన్ని ఆన్ చేసెయ్యండి.

ఇంతవరకూ చెప్పింది ఏ దేశంలోనైనా ఒకటే. తర్వాతి కథ మాది.

మొదటిసారి తెర వెలిగినప్పుడు దాని మీద ఇంగ్లీషులో 'లెవెల్ 50' అని వచ్చింది. అమ్మ చూసి అడిగింది: "యాభై అంటే ఏందిరా? యాభై లీటర్లా, యాభై బిందెలా?" నాకు నూటికి యాభై, ఆమెకు అర్థం లేని అంకె. తెర మీద ఉండాల్సింది అంకె ఒక్కటే అయితే సరిపోదని అప్పుడే తెలిసింది. 'ట్యాంకులో నీళ్ళు సగం ఉన్నాయి' అని ఉండాలి. అంటే తెలుగు రావాలి.

పాత 16 అక్షరాల ఎల్‌సీడీలో అది దాదాపు అసాధ్యం. దాని లోపల ఉండేది జపాన్ కంపెనీ హిటాచీ తయారు చేసిన హెచ్‌డీ44780 చిప్పు, లేదా దాని పోలిక. ఒక్కో అక్షరానికి ఐదు చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. ఎక్కువగా దొరికే రకంలో ఇంగ్లీషు అక్షరాలతో పాటు జపానువాళ్ళ కటకానా లిపి చిప్పులోనే పోతపోసి ఉంది. మన ఊళ్ళో కొన్న తెరలో జపాను అక్షరాలు ఉన్నాయి, మనవి లేవు. వాళ్ళు తమ పిల్లలు చదవాల్సిన అక్షరాలను తమ చిప్పులో పెట్టుకున్నారు. అది చేయవలసిన పని, చేశారు. మనం సొంతంగా గీసుకోవడానికి ఆ చిప్పు ఇచ్చే చోటు ఎనిమిది అక్షరాలకే. ఒక్క 'క' గుణింతానికే అది చాలదు.

ఓలెడ్‌లో ఆ అడ్డు లేదు. ప్రతి చుక్కా మన చేతిలో ఉంది కనుక ఏదైనా గీయవచ్చు. చిక్కు ఇంకోచోట వస్తుంది. 'కొనకనమిట్ల' అన్న మాటే తీసుకోండి. మన కంటికి ఆరు అక్షరాలు: కొ, న, క, న, మి, ట్ల. కంప్యూటరు దాచుకునేది యూనికోడ్ సంకేతాలను. వాటి లెక్కలో పది: క, ఒత్వం, న, క, న, మ, గుడి, ట, పొల్లు, ల. 1991లో వచ్చిన తొలి యూనికోడ్ నుంచీ తెలుగు ఉంది, సంకేతాలకు లోటేమీ లేదు. కానీ పదింటిని ఆరుగా మార్చే పని ఎవరో చేయాలి. మ మీది తలకట్టు తీసి గుడి పెట్టాలి. ట కింద ల ను ఒత్తుగా మార్చి, చిన్నది చేసి, సరిగ్గా కిందికి జరపాలి. ఆ పని తెలియని ప్రోగ్రాము సంకేతాలను వచ్చినవి వచ్చినట్టు వరుసగా పేరుస్తుంది. మా ఊరి పేరు మొదటిసారి తెర మీద 'కొనకనమిట్‌ల' అని పొల్లు తేలి కనిపించింది. 'స్త్రీ' లాంటి మాటైతే చెప్పనక్కర్లేదు. ఒక్క అక్షరం, ఆరు సంకేతాలు.

దీన్ని సరిచేసేది హార్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఇస్ఫహ్‌బోద్ దీన్ని పెంచి పెద్ద చేశాడు. పేరు కూడా పారసీ మాటే. పారసీ అక్షరాలు కూడా మనవాటిలా పక్కవాటిని బట్టి రూపు మార్చుకుంటాయి, ఆ బాధ తెలిసినవాళ్ళే మందు కనిపెట్టారు. ఆండ్రాయిడ్ ఫోనులో మనం తెలుగు చదవగలుగుతున్నది దీని చలవే. పైథాన్‌లో బొమ్మలు గీసే పిల్లో అనే సాధనానికి రాక్మ్ అనే జోడింపు ఉంటే, అది హార్ఫ్‌బజ్‌ను పిలిచి ఒత్తులు సరిగ్గా వేయిస్తుంది. ఆ జోడింపు లేకపోయినా పిల్లో ఏ తప్పూ చూపకుండా ముక్కలైన తెలుగునే గీసేస్తుంది. అందుకే ఇది చాలామందికి అంతుచిక్కదు. పొల్లు తేలి కనపడితే వెతకాల్సింది దీన్నే.

ఇంత చిన్న పనికి ఇంత కంప్యూటరు ఎందుకని అడిగేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్న. ఒక అంకె చూపడానికైతే చవకైన ఆర్డుయినో బోర్డు చాలు. కానీ ఆర్డుయినో ఊనో ఆర్3లో పని జ్ఞాపకం 2 కిలోబైట్లు. తెర బొమ్మ ఒక్కటే అందులో సగం తినేస్తుంది. ఒత్తులు కూర్చే సాఫ్ట్‌వేరుకు అందులో చోటెక్కడిది? జీరో 2 డబ్ల్యూలో 512 మెగాబైట్లున్నాయి. ఈ పని కోసం నేను రాస్ప్‌బెర్రీ పై బోర్డు తీసుకోవడానికి ముఖ్య కారణం తెలుగే. ఖర్చు తగ్గించుకోవాలంటే ఇంకో ఉపాయం ఉంది. కావలసిన మాటలను పెద్ద కంప్యూటరులో సరిగ్గా గీయించి, బొమ్మలుగా దాచి, చిన్న బోర్డులోకి ఎక్కించడం. 128 చుక్కల వెడల్పు, 24 చుక్కల ఎత్తు ఉన్న ఒక పట్టీ 384 బైట్లే. 'నిండుగా', 'సగం', 'అడుగంటాయి', 'మోటారు వెయ్యండి' లాంటి పది పట్టీలతో ఒక ఇంటి అవసరం తీరిపోతుంది.

24 చుక్కల ఎత్తు అన్నది ఊరికే చెప్పలేదు. ఇంగ్లీషు అక్షరం ఎనిమిది చుక్కల్లో కూర్చుంటుంది. మనకు పైన గుడి, కింద ఒత్తు. పదహారు చుక్కల్లో ఒత్తు ముద్దయిపోతుంది. ఇరవై నాలుగులో చదవగలం, అప్పటికి తెర మీద రెండు వరుసలే పడతాయి. అందుబాటులో ఉన్న ఉచిత ఫాంట్లలో నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర వేసి చూశాను. అందమైన సన్నగీతల ఫాంట్లు ఇక్కడ పనికిరావు. చుక్క వెలగడమో ఆరడమో తప్ప మధ్య రకం లేదు కనుక సన్నగీత తెగిపోతుంది. ద, ధ, థ చూడండి. ఒకదానికి ఏమీ లేదు, ఒకదానికి కింద చిన్న గీత, ఒకదానికి కడుపులో చుక్క. చిన్న తెర మీద ఈ మూడూ ఒకటైపోతాయి. బ, భ లదీ అదే తంతు. మార్కెట్ ధర చూపే తెర మీద 'ధర' సరిగ్గా పడకపోతే ఎలా?

అమ్మ ఇప్పుడు తెర చూసే మోటారు వేయిస్తోంది. కొలిచేది శబ్దంతో. మూత దగ్గర బిగించిన సెన్సరు చెవికి వినపడని ధ్వనిని కిందికి పంపి, నీళ్ళకు తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయం చూస్తుంది. గాలిలో శబ్దవేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు. డిగ్రీకి సుమారు 0.6 మీటరు పెరుగుతుంది. మా 44 డిగ్రీల మధ్యాహ్నానికి అది 357 దాకా వస్తుంది. ఆ సంగతి పట్టించుకోకపోతే మీటరు దూరంలో నాలుగు సెంటీమీటర్ల తేడా వచ్చి, లేని నీళ్ళు ఉన్నట్టు తెర చెబుతుంది. పక్కనే వేడి కొలిచే సెన్సరు పెట్టి సరిచేశాను.

ఇది చూసిన పక్కింటి కుర్రాడు అన్నాడు: "మన మంచినీళ్ళ ప్లాంటు కాడ కూడా ఇట్టాంటిది పెట్టు బాబాయ్. నీళ్ళు మంచియ్యో కావో తెలుసుద్ది." ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే మా ప్రాంతానికి ఆ ప్రశ్న కొత్తది కాదు. భారతదేశంలో తాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు, పళ్ళు చెడడాన్ని 1937లో వైద్యులు మొదటగా వెల్లడించింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచి. ఇవాళ పశ్చిమ ప్రకాశం అంటున్న పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోవే. ప్లాంట్ల దగ్గర వేలాడే మీటరు చూపేది టీడీఎస్, నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపిన అంచనా. నీళ్ళలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి ఆ అంకె కడతారు. భారత ప్రమాణాల ప్రకారం అది లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఐదు వందల్లో ఒకటో రెండో మిల్లీగ్రాముల ఫ్లోరైడ్‌ను ఆ మీటరు ఎలా కనిపెడుతుంది? టీడీఎస్ 300 ఉన్న నీళ్ళలో ఫ్లోరైడ్ 2 ఉండవచ్చు. దాన్ని విడిగా పట్టాలంటే ప్రత్యేకమైన ఎలక్ట్రోడ్ కావాలి, లేదా ప్రయోగశాలలో రంగు మారే పరీక్ష చేయాలి.

అందుకే ఆ కుర్రాడితో కలిసి చేస్తున్న తెర మీద టీడీఎస్ అంకె కింద రెండో వరుస ఉంటుంది: 'ఇది ఉప్పుల లెక్క. ఫ్లోరైడ్ వేరే.' వెలుగుతున్న అంకెను జనం నమ్ముతారు. అది ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో కూడా అదే తెర మీద, వాళ్ళు చదవగలిగే అక్షరాల్లో ఉండాలి.

నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబులు ఇప్పుడు చాలా బడుల్లో ఉన్నాయి. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలకు ఇలాంటి బోర్డులు, సెన్సర్లు చేతికి వస్తున్నాయి. అలాంటి బడుల ఉపాధ్యాయులకు నా మనవి: తెర తగిలించిన రోజు పిల్లల చేత మొదట వాళ్ళ ఊరి పేరు తెలుగులో రాయించండి. ఒత్తు విరిగితే విరగనివ్వండి, ఎందుకు విరిగిందో వెతకడమే ఆ రోజు పాఠం.

ఫాంట్లు గీసే మిత్రులకు ఇంకో మనవి. పుస్తకాలకూ, సినిమా పోస్టర్లకూ మంచి అక్షరాలు ఇచ్చారు. ఇరవై నాలుగు చుక్కల ఎత్తులో, ఒత్తు ముద్దకాకుండా, ముసలికళ్ళకు ఆనేలా, చిన్న తెరల కోసమే చుక్క చుక్క లెక్కపెట్టి చేసిన అక్షరాలు కావాలి. మొదట ద, ధ, థ గీసి చూడండి.